తేదీ లేని హామీ

గాజాలో 2025 అక్టోబరులో కాల్పుల విరమణ కుదిరింది. మరుసటి నెలలోనే భద్రతా మండలి 2803వ తీర్మానంతో ట్రంప్ ప్రణాళికకు ఆమోదముద్ర వేసింది. అందులో పాలస్తీనా రాజ్యం ఊసు లేకపోలేదు. అయితే పాలస్తీనా అథారిటీ తనను తాను సంస్కరించుకుని, గాజా పునర్నిర్మాణం ముందుకు సాగితే రాజ్యస్థాపనకు దారి ఏర్పడవచ్చు అన్నంతవరకే. సంస్కరణలు చాలునని ఎవరు తేల్చాలి? ఎప్పటిలోగా తేల్చాలి? తీర్మానం చెప్పదు. ఈ లొసుగును పూడ్చకుండా రాజకీయ పరిష్కారం గురించి మాట్లాడటం కాలయాపనే.

1993లో ఇజ్రాయెల్ ప్రధాని రబిన్, పాలస్తీనా నేత అరాఫత్ చేతులు కలిపిన ఓస్లో ఒప్పందానికి కనీసం గడువైనా ఉండేది. ఐదేళ్ల మధ్యంతర ఏర్పాటు 1999 మే నాటికి ముగియాలి. ఆలోగా సరిహద్దులు, జెరూసలెం, శరణార్థులు, సెటిల్‌మెంట్లపై తుది ఒప్పందం కుదరాలి. గడువు దాటింది, దాటించినందుకు ఎవరూ మూల్యం చెల్లించలేదు. వెస్ట్‌బ్యాంక్‌లో దాదాపు 60 శాతం నేటికీ పూర్తిగా ఇజ్రాయెల్ అదుపులోనే ఉంది. తూర్పు జెరూసలెంను మినహాయిస్తే అప్పట్లో లక్షకు కాస్త పైగా ఉన్న సెటిలర్లు ఇప్పుడు ఐదు లక్షలు. ఏ నేల గురించి చర్చలు జరిగాయో ఆ నేలే చర్చల చాటున చేజారింది. 2025 ఆగస్టులో జెరూసలెం పక్కనున్న ఈ-1 ప్రాంతంలో సుమారు 3,400 ఇళ్లకు అనుమతిచ్చారు. పాలస్తీనా రాజ్య భావనను పాతిపెట్టడానికేనని ఇజ్రాయెల్ ఆర్థికమంత్రి స్మోట్రిచ్ దాపరికం లేకుండా చెప్పారు.

2005లో గాజా నుంచి వైదొలగితే దక్కింది రాకెట్లే కదా అన్నది ఇజ్రాయెల్ వాదన. సుమారు 1,200 మందిని బలిగొన్న 2023 అక్టోబరు 7 నాటి హమాస్ దాడి తర్వాత ఆ భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. కానీ గాజా ఉపసంహరణ ఏకపక్షం. అవతలి వైపు సంతకం లేదు, పూచీ లేదు. 1979లో ఈజిప్టుతో ఒప్పందం రాసుకుని, 1982 నాటికి సినాయ్‌ను దాదాపు మొత్తంగా ఖాళీ చేశారు. అంతర్జాతీయ పర్యవేక్షణలో ఆ సరిహద్దున నాలుగు దశాబ్దాలకు పైగా యుద్ధం లేదు. ఇజ్రాయెల్‌కు భద్రత తెచ్చింది ఆక్రమణ కాదు, ఒప్పందమే.

పాలస్తీనా నాయకత్వమూ జవాబు చెప్పుకోవాలి. 2005లో నాలుగేళ్లకు ఎన్నికైన అబ్బాస్ నేటికీ అధ్యక్షుడే. 2006 తర్వాత పార్లమెంటు ఎన్నికలే లేవు. ప్రజల తీర్పు లేని నాయకత్వం బాధాకరమైన రాజీలపై సంతకం చేయలేదు, చేసినా నిలవదు. హమాస్ ఆయుధాలు వీడాలని 2025 జూలైలో అరబ్ లీగే కోరింది. అందులో మరో మాటకు తావు లేదు.

రెండు దేశాల కాలం చెల్లిందనేవారు ప్రత్యామ్నాయం చూపాలి. జోర్డాన్ నదికీ మధ్యధరా సముద్రానికీ మధ్య యూదులు, అరబ్బులు చెరో 70 లక్షలకు పైగా ఉన్నారు. ఒకే దేశంలో అందరికీ సమాన ఓటు అంటే ఇజ్రాయెల్ ఒప్పుకోదు. ఓటు లేని ఒకే దేశమంటే శాశ్వత పెత్తనం. దాన్ని ప్రపంచం ఒప్పుకోకూడదు.

కనుక భద్రతా మండలి తేదీలు రాయాలి. సెటిల్‌మెంట్ల విస్తరణ నిలిపివేతకు ఒకటి, తూర్పు జెరూసలెం సహా పాలస్తీనా ఎన్నికలకు ఒకటి, హమాస్ నిరాయుధీకరణకు ఒకటి, తుది సరిహద్దులకు ఒకటి. తప్పినవారికి ఆంక్షలు తప్పవని ముందే చెప్పాలి.

పాలస్తీనాను 1988లోనే గుర్తించిన భారత్, 2025 సెప్టెంబరులో రెండు దేశాల పరిష్కారంపై న్యూయార్క్ ప్రకటనను సమర్థించిన 142 దేశాల్లోనూ ఉంది. అదే భారత్ ఇజ్రాయెల్ ఆయుధాలకు అతిపెద్ద కొనుగోలుదారుల్లో ఒకటి. ఇజ్రాయెల్ డిజైన్ చేసిన డ్రోన్ల తయారీకి మన హైదరాబాద్ వేదిక. ఐరాసలో ఒక మాట, ఆయుధ బజారులో మరో బాట ఎంతకాలం? సెటిల్‌మెంట్లు ఆగేదాకా కొత్త ఆయుధ ఒప్పందాలు ఉండవని న్యూఢిల్లీ ప్రకటించాలి.