బంగారు బల్లిని కాపాడాలంటే బండను కాపాడాలి

తిరుపతి కొండల్లోని ఒక బల్లిని 1870లో మద్రాసు అటవీ అధికారి బెడ్డోమ్ శాస్త్రలోకానికి పరిచయం చేశారు. ఆ తర్వాత వందేళ్లకు పైగా దాని గురించి దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. 1980ల మధ్యలో తిరుమల కొండల్లోనే అది మళ్లీ పరిశోధకుల కంటపడింది. అదే మన బంగారు బల్లి. ఆపైన పాపికొండల్లోనూ, ఒడిశాలోనూ, తమిళనాడులోని వేలూరు వైపునా దాని ఉనికి నమోదైంది. ఇన్నిచోట్ల ఉందని తేలడంతో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దాన్ని ముప్పు తక్కువగా ఉన్న జీవుల జాబితాలో చేర్చింది. ఆ మాటతో మనం నిశ్చింతగా ఉండిపోతే చాలా నష్టపోతాం.

ఎందుకంటే పటంలో తూర్పు కనుమల పొడవునా కనిపిస్తున్న ఈ బల్లి నిజానికి బతికేది చిన్న చిన్న తావుల్లో. దానికి నీడ పట్టున ఉండే పెద్ద బండలు కావాలి, వాటి మధ్య లోతైన సందులు కావాలి. నీటి చెమ్మ దగ్గర్లో ఉండాలి. పగలు సందుల్లో దాగి, చీకటి పడ్డాక పురుగుల వేటకు బయటికొస్తుంది. అరుపు ఎంత గట్టిదంటే, బల్లి కనబడకపోయినా అక్కడుందని తెలిసిపోతుంది. ఆ పేరు తెచ్చిన పసిడి రంగు అన్ని బల్లులకూ ఉండదు. జతకట్టే కాలంలో మగవాటి ఒంటి మీద అది మెరిసిపోతుంది. ఆడవీ పిల్లలూ బండ రంగులో కలిసిపోయే గోధుమ ఛాయలో ఉంటాయి.

అసలు చూడాల్సింది గుడ్లను. పెట్టినప్పుడు మెత్తగా ఉండి రాతికి అంటుకుపోతాయి, తర్వాత గట్టిపడతాయి. అనేక ఆడబల్లులు ఒకే బండ మీద, పక్కపక్కనే పెడతాయి. పిల్లలు వెళ్లిపోయాక కూడా పెంకుల గుర్తులు రాతి మీద నిలిచిపోతాయి. కాబట్టి అలాంటి ఒక్క బండ పగిలితే పోయేది ఒక జంట సంతానం కాదు, ఆ కోనలోని బల్లులన్నిటి పురిటిల్లు.

చట్టం ప్రకారం ఈ బల్లిని పట్టడం, చంపడం నేరం. శేషాచలంలో జాతీయ పార్కు ఉంది, 2010 నుంచి జీవావరణ రక్షిత ప్రాంతమూ ఉంది. కానీ పార్కు హద్దు దాటిన గుట్టల్లో రాతి క్వారీకి అనుమతి ఇచ్చేటప్పుడు రాయిని రాయిగానే లెక్కగడతారు, అందులో కాపురముండే ప్రాణి ఎవరి లెక్కలోకీ రాదు. ఈ బల్లి ప్రజాతిలో ప్రపంచం మొత్తం మీద ఉన్నవి రెండే జాతులు. రెండోది శ్రీలంకలో ఉంది. అంత అరుదైన వంశం ఇది.

అందుకే కొండ దారుల విస్తరణకైనా, క్వారీలకైనా అనుమతి ఇచ్చేముందు గుడ్లున్న బండలను అటవీ శాఖ గుర్తించి పటంలో ఎక్కించాలి. వాటి జోలికి వెళ్లకూడదని అనుమతి పత్రంలోనే రాయాలి.