కదిలితేనే నిలిచే పలక

భిలాయి పవర్ హౌస్ రైలు స్టేషనుకు ఒక ప్రక్క గ్రేట్ ఈస్టర్న్ రోడ్డు, దానిని ఆనుకొని కిటకిటలాడే బజారు ఉన్నాయి. మరొక ప్రక్క ఉక్కు కర్మాగారపు సెక్టర్లు ఉన్నాయి. బజారులో కాలు మోపడానికి చోటుండదు. సెక్టర్లలో చెట్ల నీడన వెడల్పయిన రోడ్లు, సాయంకాలం వేళ పిల్లల కేరింతలు. సోవియట్ యూనియనుతో 1955లో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నెసును ప్రారంభించారు. పని వెదుక్కుంటూ ఈ ఊరికి వచ్చి స్థిరపడినవారిలో తెలుగువారు కూడా ఎందరో ఉన్నారు. ఆ కుటుంబాలలో ఇప్పుడు మూడవ తరం, నాల్గవ తరం పెరుగుతున్నది.

తాతగారు షిఫ్టుకు సైకిలు మీద వెళ్లినవారు. తండ్రి తన చిన్నతనంలో, పారవేసిన బాల్ బేరింగులను చెక్కపలకకు బిగించి బండి చేసుకొని, రోడ్డంతా గరగరలాడిస్తూ తిరిగినవాడు. అటువంటి ఇంట పన్నెండేళ్ల బాలునికి పుట్టినరోజు కానుకగా రెండు చక్రాల పలక ఒకటి వచ్చిందనుకొనండి. దానిని కొందరు వేవ్‌బోర్డు అంటారు, కొందరు క్యాస్టర్ బోర్డు అంటారు. బాలుడు ఉత్సాహంగా దానిని ఇంటి ముందు పెట్టి ఒక కాలు మోపుతాడు. రెండవ కాలు మోపే లోపుగానే అది ప్రక్కకు ఒరిగిపోతుంది. నాలుగుసార్లు ప్రయత్నించి ముఖం చిన్నబుచ్చుకొని లోపలికి వస్తాడు.

"తాతయ్యా, ఇది పాడయిపోయింది. నిలబడటమే లేదు" అంటాడు.

"ఆపి నిలబెడితే నా సైకిలు మాత్రం నిలుస్తుందట్రా?" అంటాడు తాత.

ఆ ఒక్క మాటలోనే ఈ విద్య రహస్యమంతా ఉన్నది. ఈ పలక నిలిచి ఉండగా దాని మీద నిలబడటం నేర్చుకోవాలని చూసేవారు ఎన్ని రోజులకూ నేర్చుకోలేరు. ముందు కదలాలి. నిలకడ దాని వెనుక వస్తుంది.

వాలు కీలు చేసే పని

ఈ పలకకు మోటారు లేదు, గొలుసు లేదు, తొక్కుడు పెడలు లేదు. ఒకసారి నేర్చినవాడు కాలు నేలకు తగలనీయకుండానే చదునైన రోడ్డు మీద ఎంతదూరమయినా పోగలడు. చూచేవారికి ఇది ఇంద్రజాలం వలె కనబడుతుంది. కాని ఇందులో ఇంద్రజాలమేమీ లేదు.

పలక నిజానికి ఒకటి కాదు, రెండు. ముందు పాదానికి ఒకటి, వెనుక పాదానికి మరొకటి. రెంటినీ కలిపే కడ్డీ మెలి తిరుగుతుంది. లోపలి స్ప్రింగు ఆ మెలిని మళ్లీ సరిచేస్తుంది. ఒక్కొక్క పలక క్రింద ఒక్కొక్క చక్రం. ఆస్పత్రి మంచానికి, ఆఫీసు కుర్చీకి ఉండే చక్రాల వలె ఇవి ఏ దిక్కుకయినా తిరుగుతాయి. తేడా ఒక్కటే. కుర్చీ చక్రం తిరుగాడే కీలు నిటారుగా ఉంటుంది. ఈ పలక చక్రపు కీలు సుమారు 30 డిగ్రీలు వాలి ఉంటుంది.

కీలకం ఆ వాలులోనే ఉన్నది. పాదంతో పలకను ఒక ప్రక్కకు వంచినప్పుడు చక్రం ఆ వాలు కీలు మీద ప్రక్కకు మళ్లుతుంది. మళ్లుతూ పలకను కొద్దిగా పైకి లేపుతుంది. పైన ఉన్న మనిషి బరువు దానిని తిరిగి యథాస్థానానికి దించుతుంది. పైగా చక్రం తాను దొర్లే దిక్కున సులువుగా పోతుంది కాని, అడ్డంగా జారదు. కనుక ఏటవాలుగా మళ్లిన చక్రాన్ని పాదం ప్రక్కకు నెట్టినప్పుడు, ఆ బలంలో కొంతభాగం ముందుకు నడిపే బలంగా మారుతుంది. నీటిలో చేప తోకను అటూ ఇటూ ఆడించి ముందుకు పోవడం లేదా? ఉయ్యాల మీద నిలబడిన పిల్లవాడు, వెనుక ఎవరూ ఊపకుండానే, తన శరీరాన్ని వంచి లేపి ఊపు తెచ్చుకోవడం లేదా? ఇదీ ఆ కోవకు చెందినదే.

ఈ వాహనానికి పూర్వీకులు ఉన్నారు. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1950 దశకంలో పిల్లలు చెక్కపలకకు నాలుగు చక్రాలు బిగించి ఆడుకొన్నారు. నాటి చక్రాలు ఉక్కువి. చిన్న గులకరాయి తగిలినా అవి ఆగిపోయేవి, మనిషి ముందుకు పడేవాడు. 1970 దశకపు ఆరంభంలో ఫ్రాంక్ నాస్‌వర్దీ అనే యువకుడు పాలీయురెథేన్ చక్రాలను ఈ పలకలకు తెచ్చిన తరువాత ఆట రూపమే మారిపోయింది. 1989లో దక్షిణాఫ్రికాలో స్నేక్‌బోర్డు పుట్టింది. కాలు నేలకు తన్నకుండా శరీరపు మెలికతోనే పోవచ్చునని అది చూపింది. రెండే చక్రాల క్యాస్టర్ పలక 21వ శతాబ్దపు తొలి దశకంలో బజారుకు వచ్చింది. రిప్‌స్టిక్ అనే పేరుతో వచ్చినది వాటిలో ప్రసిద్ధమయినది.

మొదటి సాయంకాలం

నేర్చుకొనడానికి స్థలం ఎన్నుకోవడం మొదటి పని. పవర్ హౌస్ బజారు వీధులు గాని, లారీలు తిరిగే నందినీ రోడ్డు గాని ఇందుకు పనికిరావు. వాహనాలు రాని, గరుకు లేని, పొడిగా ఉన్న సిమెంటు నేల కావాలి. కంటికి కనబడీ కనబడని వాలు ఉంటే మరీ మంచిది. ఆ వాలే మొదటి ఊపునిస్తుంది. ఇసుక, ఎండుటాకులు, గులకరాళ్లు ముందుగా ఊడ్చివేయాలి. వాన వెలిసిన వెంటనే ఎక్కరాదు. తడి నేల మీద చక్రం జారుతుంది, నీరు చేరితే బేరింగులు త్రుప్పు పడతాయి. ఎండలు మండే నెలలలో ఉదయం వేళే అనుకూలం.

ఏ పాదం ముందుండాలన్నది రెండవ ప్రశ్న. దీనికి నియమం లేదు. నున్నని గచ్చు మీద మేజోళ్లతో పరుగెత్తి జారేటప్పుడు ఏ కాలు తనంతట ముందుకు వస్తుందో, ఆ కాలే ఇక్కడా ముందుండాలి. ఆ పాదాన్ని ముందు పలక మధ్యలో, చక్రానికి సరిగా పైన, కొంచెం అడ్డంగా ఉంచాలి.

మొదట ఎవరయినా పెద్దవారు ఎదురుగా నిలిచి రెండు చేతులూ పట్టుకోవాలి. బాలుడు రెండు పాదాలూ పలక మీద ఉంచి, మోకాళ్లు కొద్దిగా వంచి, పలక ఎటు ఒరుగుతున్నదో పాదాలతో తెలుసుకోవాలి. అటుపిమ్మట పెద్దవారు మెల్లగా వెనుకకు నడుస్తూ అతనిని ముందుకు తీసుకురావాలి. పలక కదలిన క్షణంలోనే అంతవరకు కంపించిన కాళ్లు కుదుటపడతాయి. చక్రాలు రెండూ వాటంతట అవే ఒక వరుసలోకి వస్తాయి. చేతులు పట్టుకొన్నవారు ఆ మార్పును తమ చేతులలోనే గ్రహిస్తారు. పట్టు సడలుతుంది.

తరువాత ఒంటరిగా బయలుదేరడం. ముందు పాదం పలక మీద, వెనుక పాదం నేల మీద. ఒక్కసారి గట్టిగా నేలను తన్ని, పలక కదలుతూ ఉండగానే వెనుక పాదాన్ని వెనుక పలక మీద ఉంచాలి. అందరూ తడబడేది ఇక్కడనే. భయం వలన మెల్లగా తన్నుతారు. మెల్లగా తన్నడం వలన పలక నిలువదు. నిలువదు కనుక భయం మరింత పెరుగుతుంది. ఈ వలయాన్ని ధైర్యమయిన ఒక్క తన్ను ఛేదిస్తుంది.

పలక మీదికి వచ్చిన తరువాత వెనుక పాదాన్ని చేప తోక వలె అటూ ఇటూ ఆడించాలి. ముందు పాదం దిక్కు చూపుతుంది, వెనుక పాదం నడుపుతుంది. అలవాటయిన మీదట రెండు పాదాలూ ఒకదానికొకటి వ్యతిరేకంగా వంగుతూ లయలో పడతాయి. రెండు పాదాలూ ఒకే ప్రక్కకు వంచితే పలక ఆ ప్రక్కకు తిరుగుతుంది. అంటే వ్యతిరేకం నడకకు, ఏకం మలుపుకు. ఈ భేదం తెలియక రెండు పాదాలనూ ఒకేసారి ఊపుతూ, ఎందుకు ముందుకు పోవడం లేదని విసిగిపోయేవారు అనేకులు.

చూపు పాదాల మీద ఉండరాదు. పది అడుగుల దూరంలో ఉండాలి. తల వంగితే భుజాలు వంగుతాయి, భుజాలు వంగితే బరువు తప్పుతుంది. సైకిలు నేర్పేటప్పుడు వెనుక సీటు పట్టుకొని పరుగెత్తే తండ్రి "ముందుకు చూడు, ముందుకు చూడు" అని అరిచేది ఇందుకే.

పడటం కూడా ఒక పాఠమే

దీనికి బ్రేకు లేదు. వేగం తగ్గినప్పుడు ఒక కాలు నేల మీద పెట్టి దిగిపోవడమే ఆగే పద్ధతి. కనుక ముందుకు పోవడం కంటె ముందుగా దిగడం నేర్పాలి. ప్రమాదం తోచినప్పుడు పలకను వదలి రెండడుగులు పరుగెత్తడం అలవాటు కావాలి. పలక పోతే పోనిమ్మనాలి.

పడేటప్పుడు మనిషి చేయి చాచి నేలకు ఆనిస్తాడు. అది సహజం. అందువలననే ఇటువంటి ఆటలలో మణికట్టు ఎముక విరగడం తరచుగా జరుగుతుంది. మణికట్టు, మోచేయి, మోకాలు కాపాడే తొడుగులు అందుకే ఉన్నాయి. మణికట్టు వాచి, వంకర తిరిగినట్లు కనబడితే లాగి సరిచేయబోరాదు. కదలకుండా అట్టముక్కతో కట్టి ఆస్పత్రికి తీసుకుపోవాలి. తలకు దెబ్బ తగిలిన పిల్లవానికి వాంతులు, మగత, తికమక మాటలు కనబడితే తెల్లవారేదాకా చూద్దామనుకోవడం ప్రాణాంతకం.

ఉక్కు కర్మాగారంలో పనిచేసే తండ్రికి ఈ సంగతి వేరుగా చెప్పవలసిన అవసరం లేదు. హెల్మెట్టు లేనిదే పనిచోట అడుగు పెట్టరాదన్న నియమం ఆయనకు ఏండ్ల తరబడి అలవాటు. పని ముగించుకొని ఇంటికి వచ్చి, తన కొడుకు బోడితలతో చక్రాల మీద పోతుంటే మురిసిపోయి చూస్తాడు. లోపల లోహానికి ఉన్న కాఠిన్యం బయట సిమెంటు రోడ్డుకు లేదనుకొంటాడు కాబోలు! ఇంట్లో ఉన్నది కదా అని కర్మాగారపు టోపీనే పిల్లవాని తలకు పెట్టడం కూడా పొరపాటే. అది ముఖ్యంగా పైనుంచి పడే వస్తువులను తట్టుకొనడానికి చేసినది. వెనుకకు వెల్లకిల పడినప్పుడు కాపాడేది, గడ్డం క్రింద పట్టీ బిగించుకొనే స్కేటింగు హెల్మెట్టు గాని, సైకిలు హెల్మెట్టు గాని మాత్రమే.

అయిదేళ్ల లోపు పిల్లలను స్కేటుబోర్డు ఎక్కించనే కూడదని, పదేళ్ల లోపు వారిని పెద్దల దగ్గరి పర్యవేక్షణ లేకుండా ఎక్కనీయరాదని అమెరికా శిశువైద్యుల అకాడమీ 2002లో సలహా ఇచ్చింది. అంతకంటె నిలకడ తక్కువయిన ఈ రెండు చక్రాల పలకకు ఆ జాగ్రత్త మరింత వర్తిస్తుంది.

ఆట ఎవరిది?

"ఇదంతా కాలయాపన. దీనివలన ఏమి వస్తుంది?" అని అడిగే పెద్దలుంటారు. చక్రాల విద్యలలో పేరు తెచ్చుకొన్న తెలుగువారు లేకపోలేదు. హైదరాబాదుకు చెందిన అనూప్ కుమార్ యామ రోలర్ స్కేటింగులో 2010 గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో రెండు కాంస్య పతకాలు గెలుచుకొన్నాడు. 2015 సంవత్సరపు అర్జున పురస్కారం ఆయనకు లభించింది. నాలుగు చక్రాల స్కేటుబోర్డు క్రీడ 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులో తొలిసారి ప్రవేశించింది.

పతకాల కంటె గొప్ప ఉదాహరణ పొరుగు రాష్ట్రమయిన మధ్యప్రదేశ్‌లోనే ఉన్నది. పన్నా జిల్లాలోని జన్వార్ అనే పల్లెలో ఉల్రికె రైన్‌హార్డ్ అనే జర్మను మహిళ 2015లో పిల్లల కొరకు ఒక స్కేటుబోర్డు ప్రాంగణం కట్టించింది. అక్కడ పెట్టిన నియమాలు ప్రధానంగా రెండు. బడికి పోనివారికి ఆట లేదు, ఆడపిల్లలకే మొదటి అవకాశం. పలక కొరకు పిల్లలు బడిబాట పట్టారు. ఆ పల్లెకు చెందిన ఆశా గోండ్ 2018లో చైనాలోని నాన్‌జింగ్‌లో జరిగిన ప్రపంచ పోటీలలో పాల్గొన్నది.

పవర్ హౌస్ ఇంటి ముంగిట ఇప్పుడు ఆ నియమాన్ని గుర్తుచేసుకోవడం మంచిది. అన్న పలక ఎక్కుతూంటే గుమ్మంలో నిలబడి చూచే చెల్లెలు ఉంటుంది. పడితే ముఖానికి దెబ్బ తగులుతుందని, రేపు పెండ్లి కావలసిన పిల్ల అని ఆమెను ఆపేవారు ఉంటారు. అన్నకు విరగని మణికట్టు చెల్లెలికి మాత్రమే విరుగుతుందా? ఆమెకు కావలసినది నిషేధం కాదు. తన తలకు సరిపోయే హెల్మెట్టు, పట్టుకొనడానికి రెండు చేతులు కావాలి. ఆ చేతులు కూడా కొద్దిసేపే కావాలి.

చేతులు వదలవలసిన క్షణం నేర్చుకొనేవారికంటె నేర్పేవారికే కష్టం. వదలకపోతే పలక ఎన్నటికీ స్వంతంగా నిలువదు. మరీ ముందుగా వదిలితే పిల్ల పడుతుంది. ఆ క్షణాన్ని ఏ పుస్తకమూ చెప్పలేదు. పట్టుకొన్న చేతులకే అది తెలుస్తుంది. ఆనాడు సైకిలు సీటు వెనుక పట్టుకొని పరుగెత్తి, కొడుకుకు చెప్పకుండానే పట్టు వదలిన తాతగారికి అది బాగా తెలుసు. ఈసారి మనుమరాలి రెండు చేతులూ పట్టుకొని వెనుకకు నడవవలసినది ఆయనే.