విలాసపు కారు – ఆక్టేన్ సంఖ్య – ఒక అపోహ

ఖరీదైన వస్తువుకు ఖరీదైన ఆహారమే పెట్టవలెనన్న నమ్మకం మన సమాజంలో గాఢంగా నాటుకొని ఉన్నది. పెట్రోలు బంకు దగ్గర పది నిమిషాలు నిలబడి చూచినవారికి ఇది స్పష్టంగా బోధపడుతుంది. మట్టెవాడ నుండి హనుమకొండకు రోజూ మోటారు సైకిలుపై వచ్చిపోయే విద్యార్థి, ఇంట్లో ఇచ్చిన జేబు ఖర్చులో నుండి నెలకొకసారి “పవర్ పెట్రోలు” పోయించి, బండికి బలం వచ్చిందని సంతోషిస్తాడు. అదే బంకులో, అరకోటి పోసి జర్మనీ కారు కొన్న పెద్దమనిషి లీటరుకు కొన్ని రూపాయలు మిగులుతాయని సాధారణ పెట్రోలు పోయిస్తాడు. మొదటివాడు డబ్బు పోగొట్టుకొంటున్నాడు, రెండవవాడు ఇంజనును పోగొట్టుకొనే దారిలో ఉన్నాడు. ఇద్దరికీ తెలియనిది ఒక్కటే: ఆక్టేన్ సంఖ్య అంటే ఏమిటన్నది.

ఇంజను సిలిండరులో పెట్రోలు ఆవిరి, గాలి కలిసిన మిశ్రమాన్ని పిస్టను పైకి వచ్చి నొక్కుతుంది. నొక్కిన కొద్దీ అది వేడెక్కుతుంది. సరియైన క్షణాన స్పార్కు ప్లగ్గు నిప్పురవ్వ విసరగా, మంట ఒక చోట మొదలై క్రమంగా అంతటా వ్యాపించాలి. అలాగాక, మంట తన దాకా రాకముందే మూలనున్న మిశ్రమం వేడికి, ఒత్తిడికి తాళలేక తనంత తాను భగ్గుమంటే లోపల సుత్తితో కొట్టినట్లు టకటకమని చప్పుడు వస్తుంది. మన ఉస్తాదులు దీనిని నాకింగ్ అంటారు. అది చాలాకాలం సాగితే పిస్టను దెబ్బతింటుంది. ఆ విధంగా తనంత తాను మండిపోకుండా పెట్రోలు ఎంతవరకు ఓర్చుకొంటుందో చెప్పేదే ఆక్టేన్ సంఖ్య. బలానికీ, శుభ్రతకూ దానితో నేరుగా సంబంధం లేదు.

1926 ప్రాంతంలో అమెరికా రసాయన శాస్త్రవేత్త గ్రాహం ఎడ్గర్ ఈ కొలతకు మార్గం చూపినాడు. బాగా ఓర్చుకొనే ఐసో ఆక్టేన్‌కు 100, ఏమాత్రం ఓర్చుకోని నార్మల్ హెప్టేన్‌కు సున్న అని పెట్టుకొన్నారు. మన బంకులలో చాలాకాలం సాధారణ పెట్రోలుగా చెల్లిన 91 అంటే, ఆ రెండు ద్రవాలను 91కి 9 పాళ్ళలో కలిపితే ఎంత ఓర్పు ఉంటుందో అంత ఓర్పు గల పెట్రోలని అర్థం.

కారు వెలకూ ఈ సంఖ్యకూ సంబంధం లేదనడానికి నిదర్శనం మన హైదరాబాదులోనే ఉన్నది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కొరకు తయారు చేయించిన పసుపుపచ్చని రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారు, ఆయన 1911లో మరణించిన తరువాత ఏడవ నిజాం కాలంలో ఇక్కడికి చేరింది. సింహాసనం వంటి ఎత్తైన పీఠం గల ఆ కారును చౌమహల్లా పాలెస్‌కు వెళ్ళినవారు చూచే ఉంటారు. అంతటి విలాసపు కారు ఆ రోజులలో దేశంలో ఎన్ని ఉండి ఉంటాయి! దాని ఇంజను ఘనపరిమాణం ఏడు లీటర్లకు పైమాటే. అయితే ఆ ఇంజను మిశ్రమాన్ని నొక్కేది సుమారు మూడుంబావు వంతులకు మాత్రమే. దీనినే సంపీడన నిష్పత్తి అంటారు. నేడు మన విద్యార్థినులు కళాశాలకు తెచ్చే స్కూటరులో ఇది తొమ్మిది, పది వంతులు ఉంటుంది. అనగా నిజాం ప్రభువు కారుకంటె ఈ స్కూటరుకే ఎక్కువ ఆక్టేన్ కావాలి! ఆ కాలపు పెట్రోలు నేటి కొలతలో 91కి ఎంతో దిగువన ఉండేది. రాజుగారి రథం దానితోనే నడిచింది.

నేటి విలాసపు కార్ల సంగతి వేరు. ఇంజను పరిమాణం తగ్గించి, టర్బో ద్వారా గాలిని బలవంతంగా కుక్కి, చిన్న ఇంజను నుండే పెద్ద శక్తి రాబడుతున్నారు. లోపలి ఒత్తిడి, వేడి అధికం కనుక ఓర్పు గల పెట్రోలు అవసరం. ఇంధనపు మూత తెరిచి లోపలి వైపు చూస్తే అక్కడ అంటించిన చీటీపై 95 అని, కొన్ని క్రీడా కార్లపై 98 అని ఉంటుంది. కొన్నింటికి 95 మేలని, 91 కనీసమని రెండు మాటలూ వ్రాస్తారు. “సిఫారసు” వేరు, “కనీసం” వేరు. కారుతో వచ్చిన పుస్తకంలో ఈ రెండింటి తేడా చదవకుండానే పుస్తకాన్ని డాష్‌బోర్డు అరలో భద్రపరిచేవారే ఎక్కువ. తక్కువ ఆక్టేన్ పోసినపుడు నేటి కారులోని సెన్సరు నాకింగును పసిగట్టి స్పార్కును కొద్దిగా ఆలస్యం చేస్తుంది. ఇంజను బ్రతుకుతుంది గాని శక్తి తగ్గుతుంది, పెట్రోలు ఎక్కువ త్రాగుతుంది. లీటరుకు మిగిలిన ఆ కొన్ని రూపాయలు ఆ విధంగా వెనుక దారిన వెళ్ళిపోతాయి. దారిలో 95 దొరకక 91 పోయించవలసి వస్తే బండిని నెమ్మదిగా, బరువు లేకుండా నడిపి, తరువాతి బంకులో ఎక్కువ ఆక్టేన్ కలుపుకొంటే సరిపోతుంది. (డీజిల్ కారు యజమానులకు ఈ బాధ లేదు. డీజిలుకు సీటేన్ అని వేరే కొలత ఉన్నది. అయినా డీజిల్ కారు నిలిపి ఆక్టేన్ ఎంతని అడిగేవారు ఉన్నారు.)

91కి తయారైన బండిలో 95 గాని 100 గాని పోసినందువల్ల ఒరిగేది దాదాపు శూన్యం. 2020 డిసెంబరులో ఇండియన్ ఆయిల్ సంస్థ ఎక్స్‌పి 100 అనే పెట్రోలు విడుదల చేసినపుడు ఢిల్లీలో లీటరు వెల 160 రూపాయలు, సాధారణ పెట్రోలుకు సుమారు రెట్టింపు. అది దానికి తగిన ఇంజను కొరకు చేసిన సరుకు. మన నూరు సీసీ బండికి అది పోయించడం, చలిలేని ఊరిలో కంబళి కప్పుకొన్నట్లే. పేరు పెద్దదైన ప్రతి పెట్రోలుకూ ఆక్టేన్ పెద్దది కానక్కరలేదన్నది మరొక సంగతి. కొన్నింటిలో పెరిగేది ఇంజనును శుభ్రపరిచే రసాయనాలే. అందుకే పేరు చూడవద్దు, పంపుపై సంఖ్య చూడండి.

సంఖ్యలోనూ ఒక చిక్కు ఉన్నది. అమెరికా నుండి సెలవులకు వచ్చిన మన బంధువులు, “అక్కడ 91 అంటే ప్రీమియం, ఇక్కడ మామూలుకే 91 ఇస్తున్నారు, మన దేశం పెట్రోలే గొప్పది” అనేవారు. ఇది కొలబద్దలోని భేదం. మనం, ఐరోపావారు వాడేది రాన్ అనే కొలత. అమెరికా పంపులపై ఉండేది రాన్, మాన్ అనే రెండు కొలతల సగటు. వారి 87 మన 91కి, వారి 91 మన 95–96కు ఇంచుమించు సమానం. ఈ సంగతి తెలియక అమెరికా కారు పుస్తకంలోని 91ని చూచి ఇక్కడ 91 పోయించినవాడు పొరబడినట్లే.

ఇథనాల్ విషయం కూడ చెప్పవలసి ఉన్నది. 2025 నాటికి దేశమంతటా పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్ కలిపే స్థితికి వచ్చినాము. ఇథనాల్ ఆక్టేన్ సుమారు 108. అందువల్ల మిశ్రమం ఓర్పు పెరుగుతుంది. కాని లీటరు ఇథనాల్‌లోని శక్తి లీటరు పెట్రోలులోని శక్తిలో మూడింట రెండు వంతులే కనుక మైలేజి కొంత తగ్గుతుంది. ఆక్టేన్ పెరిగితే బలం పెరుగుతుందనేవారికి ఇంతకంటె మంచి సమాధానం దొరకదు. ఆక్టేన్ పెంచడానికి పూర్వం ఎంచుకొన్న దారి మాత్రం ఘోరమైనది. 1921లో థామస్ మిడ్జ్‌లీ కనుగొన్న సీసపు రసాయనం చౌకగా నాకింగును ఆపింది. ఆ సీసం పొగలో కలిసి దశాబ్దాల తరబడి పసిపిల్లల మెదళ్ళకు చేటు చేసింది. మన దేశంలో 2000 సంవత్సరంలో సీసపు పెట్రోలు నిలిచిపోయింది. ప్రపంచంలో చివరగా అల్జీరియా 2021లో ఆపింది.

ఇంత చర్చ మన కళాశాల సంచికలో ఎందుకని కొందరు అడగవచ్చు. మన విద్యార్థుల ఇళ్ళలో మెకానిక్కులు, డ్రైవర్లు ఎందరో ఉన్నారు. తెలంగాణ నుండి గల్ఫ్ దేశాలకు హౌస్ డ్రైవర్లుగా వెళ్ళిన అన్నలు, మామలు అక్కడి షేకుల విలాసపు కార్లు నడుపుతున్నారు. సౌదీలో ఆకుపచ్చ పంపు 91, ఎర్ర పంపు 95. దుబాయిలో 91, 95, 98 అని మూడు. యజమాని భాష సరిగా రాని కొత్త డ్రైవరుకు మూత లోపలి అంకె చదివి అర్థం చేసికొనే జ్ఞానమే రక్షణ. కారు పాడైతే మాట పడేది అతడే, జీతం కోత పడితే ఇక్కడ ఎదురుచూచేది అతని ఇల్లే. ఈ జ్ఞానం బి.ఎస్సీ. చదివినవానికి ఉండక, అయిదవ తరగతితో ఆగిపోయిన ఉస్తాదుకు ఉండడం మన చదువుకు గౌరవం కాదు. ఉస్తాదులు చెప్పేదంతా వేదవాక్కనీ నా అభిప్రాయం కాదు. “పవర్ పోస్తే ఇంజను సాఫ్ అవుతుంది భాయ్” అని ప్రతి బండికీ ఒకే మందు వ్రాసేవారు వారిలోనూ ఉన్నారు. విద్యార్థి పుస్తకంలో చదివినదీ, ఉస్తాదు చెవితో పట్టినదీ ఒకచోట కలవాలి.

కనుక కళాశాల కార్యవర్గానికి నా మనవి. వచ్చే విద్యాసంవత్సరంలో ఒక శనివారం భౌతిక, రసాయన శాస్త్ర విభాగాల అధ్యాపకులతోపాటు పట్టణంలోని ఒక అనుభవజ్ఞుడైన ఉస్తాదును వేదికపైకి పిలిచి, ఉర్దూలోనూ తెలుగులోనూ మాట్లాడించండి. పాత ఇనుము కొట్టులో పనికిరాని ఇంజను ఒకటి తూకం ధరకు దొరుకుతుంది. దానిని విప్పి, నాకింగు తిన్న పిస్టను ఎట్లుంటుందో విద్యార్థుల చేతికిచ్చి చూపించండి.