సంతకానికి ముందు

ఉద్యోగంలో దుష్ప్రవర్తన ఆరోపణ ఎదురైన మనిషి ఓడిపోయేది చాలావరకు విచారణ మొదలుకాక ముందే. మేనేజరు గదిలోకి పిలుస్తారు. బల్లమీద ముందే టైపు చేసిన రాజీనామా లేఖ ఉంటుంది. దాని పక్కన, తప్పు ఒప్పుకుంటున్నట్లు రాయడానికి ఒక తెల్ల కాగితం. "సంతకం పెట్టి గౌరవంగా వెళ్ళిపో, లేకపోతే పోలీసుల దాకా పోవలసి వస్తుంది" అంటారు. స్టోరులో సరుకు తగ్గిందన్న గుమాస్తా అయినా, డబ్బు లెక్క తేలలేదన్న క్యాషియరు అయినా, పైవానికి ఎదురు మాట్లాడాడన్న ఆపరేటరు అయినా ఆ పావుగంటలో ఆలోచించేది ఒక్కటే: ఊరిలో తెలిస్తే ఎలా?

కళింగపట్నం వంటి చోట ఈ భయం మరీ ఎక్కువ. శ్రీకాకుళం జిల్లా జనాభాలో ముస్లింలు ఒక శాతానికి కూడా చేరరు. దర్గాకు వచ్చే హిందూ సోదరులు సహా అందరికీ అందరూ తెలుసు. మన పిల్లలు చదువుకుని పైడిభీమవరం మందుల కర్మాగారాలకో, శ్రీకాకుళంలోని దుకాణాలకో, ప్రైవేటు బడులకో, విశాఖపట్నానికో పోతారు. అక్కడ ఏం జరిగినా నోటీసు చేతికందేలోపే వార్త ఇంటికి చేరుతుంది. అందుకే ఇజ్జత్ దక్కితే చాలుననుకుని సంతకం పెడతారు. ఆ సంతకంతో ఇజ్జత్ దక్కకపోగా, న్యాయం అడిగే దారి కూడా దాదాపు మూసుకుపోతుంది. రాజీనామా చేసినవానిని ఎవరూ తొలగించలేదు కదా! తొలగించని యజమానిని "ఏ విచారణ జరిపావు?" అని ఏ కోర్టు అడుగుతుంది? బలవంతంగా రాయించుకున్నారని తరువాత రుజువు చేయడం అసాధ్యం కాదుగాని, ఆ భారం పూర్తిగా ఉద్యోగి మీదనే పడుతుంది.

చట్టం ఉద్యోగికి ఇచ్చిన రక్షణ దాదాపు అంతా విచారణ అనే ప్రక్రియలోనే ఉంది. సర్ ఎనామెల్ కంపెనీ కేసులో 1963లో సుప్రీంకోర్టు ఈ ప్రక్రియ ఎలా ఉండాలో స్పష్టంగా చెప్పింది. ఆరోపణ ఏమిటో ఉద్యోగికి స్పష్టంగా తెలియజేయాలి. సాక్షులను సాధారణంగా అతని ఎదుటనే విచారించాలి. వారిని అతడు ఎదురు ప్రశ్నలు అడగగలగాలి, తన సాక్షులను తాను తెచ్చుకోగలగాలి. చివరకు విచారణాధికారి కారణాలతో నివేదిక రాయాలి. ప్రభుత్వోద్యోగికైతే రాజ్యాంగంలోని 311వ అధికరణమే ఈ అవకాశాన్ని ఇస్తున్నది.

ఆ నివేదిక విషయంలో ఒక పేరును మన పాఠకులు తప్పక గుర్తుంచుకోవాలి. 1976 నాటి రాజ్యాంగ సవరణ తరువాత, శిక్ష విధించే ముందు మరొకసారి నోటీసు ఇచ్చే పద్ధతి తీసివేశారు. దానితో విచారణాధికారి ఏం రాశాడో చూడకుండానే ఉద్యోగులు ఇంటికి పోతుండేవారు. మొహమ్మద్ రంజాన్ ఖాన్ కేసులో 1990 నవంబరు 20న సుప్రీంకోర్టు ఆ అన్యాయాన్ని సరిదిద్దింది. నివేదిక ప్రతిని ఉద్యోగికి ఇచ్చి, దానిమీద అతని వాదన విన్న తరువాతనే నిర్ణయం తీసుకోవాలన్నది. ఇది ప్రభుత్వోద్యోగులకేనా, అందరికీనా అన్న సందేహం మిగిలింది. దానిని తీర్చినది మన హైదరాబాదు సంస్థ కేసు. ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్, అంటే ఈసీఐఎల్, కరుణాకర్ అనే ఉద్యోగికి మధ్య నడిచిన వివాదంలో 1993 అక్టోబరు 1న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది: ప్రభుత్వ సంస్థ అయినా ప్రైవేటు సంస్థ అయినా, నిబంధనలలో రాసి ఉన్నా లేకపోయినా, నివేదిక ప్రతి ఇవ్వవలసిందే.

అయితే ఇదే తీర్పులో మనవారు తరచుగా గమనించని సగం ఒకటున్నది. నివేదిక ఇవ్వనంత మాత్రాన తొలగింపు దానంతట అదే రద్దు కాదు. ఇవ్వకపోవడం వలన తనకు ఏ నష్టం జరిగిందో ఉద్యోగి చూపాలి. చూపినా, కేసు తిరిగి ఆ దశ నుండి మొదలవుతుంది. అంతకుముందే, 1963లో, ఆంధ్రప్రదేశ్ సబ్‌ఇన్‌స్పెక్టరు శ్రీరామారావు కేసులో సుప్రీంకోర్టు మరొక మాట చెప్పి ఉన్నది: శాఖాపరమైన విచారణ మీద హైకోర్టు అప్పీలు కోర్టు కాదు, సాక్ష్యాలను మళ్ళీ తూచదు. కాబట్టి "ఇక్కడ మాట్లాడడం దండగ, కోర్టులో చూసుకుందాం" అని విచారణకు వెళ్ళకపోవడం మా దృష్టిలో ఆత్మహత్యా సదృశం. అడగవలసిన ప్రశ్న అక్కడే అడగాలి. ఇవ్వని పత్రాన్ని రాతపూర్వకంగా కోరాలి. నిరాకరిస్తే ఆ నిరాకరణను కూడా రికార్డులో చేర్చమని పట్టుబట్టాలి. విచారణకు తోడుగా సహోద్యోగిని తెచ్చుకునే వీలు సాధారణంగా ఉంటుంది, దానిని వదులుకోరాదు.

ఇక సస్పెన్షన్ కాలంలో కడుపు సంగతి. చిత్తూరు సరిహద్దుకు ఆనుకుని ఉన్న కోలార్ బంగారు గనులలో ఒక భద్రతాధికారి ఇంటిమీద 1985లో పోలీసులు దాడి చేశారు. 4.5 గ్రాముల బంగారు ముద్ద, కొంత బంగారు ఇసుక దొరికిందన్నారు. ఒకవైపు క్రిమినల్ కేసు, మరొకవైపు శాఖా విచారణ, రెండూ ఒకే దాడి మీద, ఒకే సాక్షులతో. సస్పెన్షన్‌లో ఇవ్వవలసిన జీవనభృతి ఇవ్వలేదు. కేరళలోని ఇంటి నుండి వచ్చిపోవడానికి డబ్బు లేక, ఆరోగ్యం బాగాలేక విచారణకు హాజరు కాలేకపోయాడు. 1986లో అతని పరోక్షంలోనే ఉద్యోగం తీసేశారు. 1987లో క్రిమినల్ కోర్టు దాడినే నమ్మక నిర్దోషి అన్నది. సుప్రీంకోర్టు 1999లో పాల్ ఆంథోనీ తీర్పుగా పేరుపొందిన నిర్ణయంలో అతనిని తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమన్నది. సస్పెన్షన్‌లో ఉన్నవాడు కూడా ఉద్యోగే, అతని తిండి ఆపి చేసిన విచారణ న్యాయమైన విచారణ కాదన్నది ఆ తీర్పు సారం. గెలిచాడు నిజమే. కాని పదమూడేళ్ళు! భృతి ఆగిన మొదటి నెలలోనే రాతపూర్వకంగా అడగాలని మేము పదేపదే చెప్పడం ఇందుకే.

కర్మాగారాలకు సంబంధించిన నియమాలు ఇప్పుడు మారాయి. 2025 నవంబరు 21 నుండి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమలులోకి వచ్చింది. సస్పెండు చేస్తే విచారణ సాధారణంగా 90 రోజులలో ముగించాలన్న నియమం అందులో మంచిది. మొదటి 90 రోజులు సగం వేతనం, ఆలస్యం కార్మికుని వలన కానప్పుడు తరువాత 75 శాతం భృతి. అయితే ఈ అధ్యాయం 300 మంది, అంతకు మించి కార్మికులున్న చోట్లకే. 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టం 100 మంది ఉన్న సంస్థలకే వర్తించేది. అంటే రొయ్యల శుద్ధి కేంద్రాలలో, మధ్యతరహా కంపెనీలలో పనిచేసే ఎందరో ఒక్క కలంపోటుతో ఆ గొడుగు బయట పడ్డారు. తొలగింపు మీద వివాదం లేవనెత్తడానికి గడువు కూడా 3 సంవత్సరాల నుండి 2కు తగ్గింది. దీనిని సంస్కరణ అనడానికి మాకు మనస్కరించడం లేదు.

చిన్న సంస్థల వారికి ఏ దారీ లేదనుకోవద్దు. 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టంలోని 47వ సెక్షన్ ప్రకారం, ఆరు నెలలు వరుసగా పనిచేసినవానిని సరైన కారణం, నెల నోటీసు లేదా ఆ మేరకు జీతం లేకుండా తీసివేయరాదు. దుష్ప్రవర్తన పేరుతో నోటీసు ఎగవేయాలంటే విచారణలో నమోదైన సాక్ష్యం ఉండాలి. ఇటీవలి సవరణల తరువాత సంస్థలో ఎందరు పనిచేస్తున్నారన్నది కూడా చూడాలి గనుక ముందు కార్మిక శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. ప్రైవేటు బడి టీచర్లకు 1982 నాటి విద్యాచట్టంలోని 79వ సెక్షన్ ఉంది. కాంట్రాక్టరు కింద పనిచేసే వారి పరిస్థితే అన్నిటికన్నా దయనీయం. అక్కడ ఛార్జిషీటు ఉండదు, "రేపట్నుంచి రావద్దు" అన్న ఫోను ఉంటుంది. కనీసం గుర్తింపు కార్డు, జీతం స్లిప్పు, పీఎఫ్ నంబరు ఇంటిలో భద్రపరచుకోవాలి.

ఇక మన సమాజానికి ప్రత్యేకమైన మాట ఒకటి. విభాగంలో ఒక్కడే ముస్లిం ఉన్నచోట ఆరోపణ వ్యక్తిని దాటి సమాజానికి అంటుకుంటుంది. దానికి ప్రతిగా, ప్రతి ఆరోపణకూ మతమే కారణమని మొదటి రోజే కేక వేయడం మనలోనూ అలవాటవుతున్నది. ఇది ముద్దాయికే హాని. వివక్ష నిజంగా ఉంటే దానికి ఆధారం ఉంటుంది. అదే తప్పుకు మరొకరిని మందలించి వదిలేసి ఇతనిని మాత్రం తీసివేశారా? తేదీలతో, పేర్లతో జవాబులో రాయాలి. గడ్డం విషయంలో వచ్చిన రెండు తీర్పులు చూడండి. 2016లో వైమానిక దళ ఉద్యోగి సుప్రీంకోర్టులో ఓడిపోయాడు. 2024లో మదురై కానిస్టేబులు మీద విధించిన శిక్షను మద్రాసు హైకోర్టు కొట్టివేసింది. అతనికి అండగా నిలిచినవాటిలో ముస్లిం పోలీసులు గడ్డం ఉంచుకోవచ్చని చెప్పే 1957 నాటి పోలీసు గెజిట్ ఉంది. నోటిమాటగా పొందిన అనుమతి అధికారి మారినంతనే మాయమవుతుంది. జుమా నమాజుకు వెళ్ళే అరగంట అయినా, హజ్ సెలవు పొడిగింపు అయినా కాగితం మీద తీసుకోవాలి.

లైంగిక వేధింపు ఫిర్యాదు వేరు. అక్కడ 2013 చట్టం ప్రకారం కమిటీ విచారణ జరుపుతుంది. ఫిర్యాదు ప్రతి అందుకునే హక్కు, పది పనిదినాలలో జవాబిచ్చే హక్కు ఆరోపితునికి ఉన్నాయి. అదే సమయంలో ఫిర్యాదు చేసిన మహిళ ఇంటికి పెద్దలను పంపి రాజీకి ఒత్తిడి చేయడం, ఆమె నడవడికను చర్చించడం నేరానికి నేరం జోడించడమే. మన ఆడబిడ్డలు కూడా ఉద్యోగాలకు వెళుతున్నారు. రేపు ఫిర్యాదు చేయవలసిన స్థితి వారికే రావచ్చు.

జమాతు పెద్దలు తీర్పరులు కానక్కరలేదు. తప్పు చేశాడో లేదో తేల్చే పని విచారణది. మనవల్ల అయ్యే పనులు చిన్నవి. ఛార్జిషీటు ఇంగ్లీషులో వస్తే చదివి చెప్పగల యువకుడు ప్రతి మస్జిద్ పరిధిలో ఒకరుండాలి. జవాబు గడువు దాటకుండా చూడాలి, గడువు చాలకపోతే పొడిగింపు కోరుతూ లేఖ రాయించాలి. భృతి వచ్చేలోపు బియ్యం, బడి ఫీజు సంగతి గుట్టుగా చూసుకోవాలి. వకీలు ఖర్చుకు భయపడేవారికి 1987 నాటి న్యాయసేవల చట్టం ఉంది. మహిళలకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఆ చట్టమే ఇచ్చింది. శ్రీకాకుళంలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు ఒక దరఖాస్తు పెట్టుకుంటే చాలు. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు. మేనేజరు గదిలోకి పిలిచిన రోజున "చదువుకుని, ఆలోచించుకుని రేపు జవాబిస్తాను" అని లేచి వచ్చే ధైర్యానికి ఈ నంబరు జేబులో ఉండడం కొంత తోడ్పడుతుంది.