ముప్పై క్లాంపులు వద్దు, నాలుగు క్లాంపులూ సైకిల్ ట్యూబూ చాలు



ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి మన పిల్లల కోసం వెదురు బద్దలు అతికించి విల్లులు మనమే చేసుకుందామని గ్రూపులో అనుకున్నాం. చాలా మంచి ఆలోచన. కానీ చందా డబ్బులతో ముందు సి-క్లాంపులు కొందామని కొందరు అన్నలు అంటున్నారు. నా అభిప్రాయం వేరు. ఆ డబ్బు అక్కడ పెట్టొద్దు.

లెక్క చూడండి. ఐదడుగుల విల్లు అంటే 60 అంగుళాలు. రెండంగుళాలకు ఒకటి బిగిస్తే ఒక్క విల్లుకే 30 క్లాంపులు. జిగురు గట్టిపడేదాకా, అంటే దాదాపు ఒక రోజు, వాటిని కదిలించకూడదు. అంత ఖర్చు పెట్టినా రోజుకు ఒక్క విల్లే.

పోయిన సెలవుల్లో నేనొకటి చేశాను. వడ్రంగి మామ దగ్గర ఎనిమిది క్లాంపులు అడిగి తెచ్చుకున్నా. ఎంత బిగిస్తే అంత బాగా అతుకుతుందనుకొని బలమంతా పెట్టి తిప్పాను. క్లాంపు ఉన్నచోట జిగురంతా బయటికి కారిపోయింది. రెండు క్లాంపుల మధ్య సందు ఉండిపోయింది. నారి కట్టి మూడోసారి లాగేసరికి బద్దలు విడిపోయాయి. ఒక ముక్క మా తమ్ముడి చెవి పక్క నుంచి పోయింది. తప్పు క్లాంపుది కాదు, నాదే. అందుకే ఈ పోస్టు రాస్తున్నా.

క్లాంపు ఒక్కచోటే నొక్కుతుంది. విల్లుకు కావాల్సింది పొడవునా సమానమైన ఒత్తిడి. పాత సైకిల్ ట్యూబును అంగుళం వెడల్పు పట్టీలుగా కోసి, సాగదీస్తూ పక్కపక్కనే చుట్టుకుంటూ పోతే వంపులో కూడా ఒకేలా పట్టుకుంటుంది. పంచర్ షాపులో అడిగితే దొరుకుతాయి.

అలాగని క్లాంపులు అసలే వద్దని కాదు. జిగురు రాశాక బద్దలు జారుతాయి. రెండు కొసల్లో ఒక్కోటి, మందంగా ఉండే పట్టు దగ్గర రెండు, మొత్తం నాలుగు కావాలి. వాటి కింద చెక్కముక్క పెట్టకపోతే వెదురు నొక్కుకుపోతుంది. అంచు పొడవునా జిగురు సన్నగా, ఒకేలా బయటికి కనిపిస్తే చాలు, ఇంకా తిప్పొద్దు.

మిగిలిన డబ్బు రెండింటికి పెడదాం. ఒకటి, వంకర లేని గట్టి చెక్క అచ్చు. దానికి ప్లాస్టిక్ కవర్ చుడితే విల్లు అంటుకోదు. రెండు, రెండు డబ్బాలు కలిపి వాడే ఎపాక్సీ జిగురు. మామూలు తెల్ల జిగురు ఎప్పుడూ వంగుతూ ఉండే విల్లులో మెల్లగా జారుతుంది. ఎపాక్సీ కలిపేటప్పుడు చేతులకు గ్లౌజులు తప్పనిసరి. కొత్త విల్లును మొదట పెద్దవాళ్లే కొంచెం కొంచెంగా లాగి చూడాలి. పిల్లల చేతికి ఆ తర్వాతే.

"ఇంత కష్టమెందుకు, రెడీమేడ్ కొందాం" అనే అన్నలకు ఒక్క మాట. ఇండియన్ రౌండ్ పోటీలు ఇప్పటికీ వెదురు విల్లుతోనే, 30, 50 మీటర్ల దూరంలో జరుగుతాయి. రాజస్థాన్ ఆదివాసీ లింబా రామ్ వెదురు విల్లుతో మొదలుపెట్టి మూడు ఒలింపిక్స్‌కు వెళ్లాడు. కొన్న విల్లు విరిగితే మళ్లీ చందా వెయ్యాలి. చేయడం వస్తే మళ్లీ చేసుకుంటాం. ఏ వెదురు ముదిరిందో, ఏది పనికిరాదో చెప్పే తాతలు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. ముందు వాళ్ల దగ్గర కూర్చుందాం.

నా మాటలో తప్పుంటే చెప్పండి, దిద్దుకుంటా. క్లాంపులకు ఆర్డర్ పెట్టేముందు మాత్రం ఒక్కసారి ఆలోచించండి.