పాలేరుకూ వంశచరిత్ర ఉంది

వంశచరిత్ర అనగానే రాజుల కొలువులో తాతముత్తాతలను వెతికే మోజు ఇక చాలించాలి. డెన్మార్క్‌లో మామూలు పాలేరు జాడ కూడా చక్కగా దొరుకుతుంది. తండ్రి పేరుకు ‘సెన్’ చేర్చి కొడుకును పిలిచిన ఆ దేశంలో హాన్స్ పీటర్సెన్‌లు ఊరూరా ఉంటారు. అందుకే పేరుకంటే ముందు పారిష్‌ను, అంటే ఆ ఇంటివాళ్ల చర్చి పరిధిని, పట్టుకోవాలి. 1787 జనగణనలో ఇంటి పనివాళ్ల పేర్లూ ఉన్నాయి. 1814 నుంచి చర్చి రిజిస్టర్లను రెండేసి ప్రతులు రాశారు. రాత్రిపూట రెండూ ఒకే కప్పు కింద ఉండకూడదని నియమం. సైన్యం కోసం రైతుబిడ్డలనూ జాబితాకెక్కించారు. ఇదంతా పేదల మీద దయ కాదు, ప్రభుత్వ అవసరం. అయినా ఆ అవసరమే వాళ్ల పేర్లను నిలబెట్టింది. ఈ రికార్డులను డెన్మార్క్ జాతీయ ఆర్కైవ్స్ ఆన్‌లైన్‌లో ఉచితంగా చూపిస్తోంది. పూర్వీకుడు గొప్పవాడు కాకపోతేనేం, వెతకండి.