మడుగు మీది రంగులు చూడటానికేనా?

కావలిలో వాన వెలిశాక, జాతీయ రహదారి పక్కన లారీలు ఆగే చోట మడుగుల మీద రంగులు తేలడం మీరు చూసే ఉంటారు. నూనెకు అన్ని రంగులు ఎక్కడివి? పలుచని పొర పైముఖం నుంచి కొంత కాంతి, అడుగుముఖం నుంచి కొంత కాంతి వెనక్కు వస్తాయి. రెండూ కలిసినప్పుడు, పొర మందాన్నిబట్టి ఒక రంగు బలపడుతుంది, మరొకటి అణగిపోతుంది. దీన్నే వ్యతికరణం అంటారు. మన తరగతుల్లో ఈ పాఠం తరచు సబ్బు బుడగ అందం దగ్గరే ఆగిపోతుంది. అది నాకు నచ్చదు. మందం మారితే రంగు మారుతుందంటే, అది కొలబద్ద కదా!

ఆ కొలబద్దతో పనేమిటంటారా? జువ్వలదిన్నె వైపు నుంచి వేటకు పోయే మరపడవనే తీసుకోండి. అందులో తిరిగే బాల్ బేరింగులో ఉక్కు గుండుకూ, అది దొర్లే గాడికీ మధ్య నూనె పొర నిలవాలి. అక్కడ ఒత్తిడి వాతావరణ పీడనానికి పదివేల రెట్లు ఉండవచ్చు. పొర మందమో, సాధారణంగా ఒక మైక్రాను లోపే. అంటే మీ నోటుబుక్కు కాగితం మందంలో యాభయ్యోవంతు కూడా ఉండదు! అది తెగితే ఉక్కును ఉక్కు గీస్తుంది. బేరింగు పట్టేస్తే పడవ నడిసముద్రంలో ఆగిపోవచ్చు.

నూనెను వేళ్ల మధ్య రుద్ది చూసే మెకానిక్కును నేను తక్కువ చేయను. నలుసు తగిలితే ఆ వేళ్లకు తెలుస్తుంది. కాని తిరిగే గుండు కింద పొర ఎంత ఉందో ఏ వేలూ చెప్పలేదు.

1963లో లండన్ ఇంపీరియల్ కాలేజీకి చెందిన గోహర్, కామెరాన్ గాడికి బదులు గాజు పలకను పెట్టి, దాని గుండా చూశారు. అవే మడుగు రంగులు! నూనె పొర మధ్యలో దాదాపు సమంగా, ఒక అంచున గుర్రపు నాడా ఆకారంలో పలుచగా కనిపించింది. తరువాత చెక్ దేశంలోని బ్ర్‌నోలో హార్ట్ల్, క్రుప్కా ఈ పనికి కెమేరాను, కంప్యూటరును జోడించారు. ముందు కదలని గుండును ఫొటో తీస్తారు. దాని వంపు తెలుసు కనుక, ఎక్కడ ఎంత సందు ఉందో లెక్కకట్టి, ఏ రంగుకు ఎంత మందమో పట్టిక వేసుకుంటారు. తిరిగే గుండు ఫొటోలో చుక్కచుక్కనూ ఆ పట్టికతో కంప్యూటరు పోలుస్తుంది. మందం పెరిగేకొద్దీ రంగులు మళ్లీ మళ్లీ వస్తాయి గనుక, వరుస తప్పకుండా చూడాలి.

పరికరాలు లేవని మన బడులు దీన్ని వదిలేయనక్కరలేదు. శుభ్రమైన రెండు గాజు పలకలను ఒకదానిపై ఒకటి పెట్టి నొక్కండి. రంగుల చారలు కదులుతాయి. మధ్యలో ఉన్నది నూనె కాదు, గాలి, సూత్రం ఒకటే. మాస్టారి ఫోనుతో ఫొటో తీయించి, నొక్కినప్పుడు ఎన్ని చారలు, వదిలినప్పుడు ఎన్ని చారలు లెక్కపెట్టండి. గాజు అంచులకు మాత్రం ముందే కాగితం అంటించుకోండి.